దేవదానం అన్న పైపుకు చేసిన కాడలు

పొగ తాగే పైపుకు కాడ ఏ సామానుతో చేస్తే మంచిది అని అడిగితే, బతుకులో సగం ఆ పనే చేసిన నాకు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పడం రాదు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది, నిజంగానే తెలియదు. తెలుసు అనుకున్న రోజులు మాత్రం ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఒక మనిషి కింది పెదవి మీద చిన్న పుండు లేచింది. అది నేను చేసిన కాడ వల్ల లేచిందా, కాదా అన్నది తేల్చుకోలేక నెలల తరబడి తికమకపడ్డాను. ఈ రాతలో ఎక్కువ భాగం ఆ పుండు గురించే.

ఈ మధ్య కొందరు యువకులు ఫోన్‌లో వీడియోలు చూసి, కట్టెను తిప్పుతూ చెక్కే చిన్న ఖరాదు మిషన్ కొనుక్కుని, చేతిపని పైపులు చేసి అమ్ముతున్నారు. వాళ్లు నా దగ్గరకు వచ్చి అడిగేది ఒకటే: "అంకుల్, బెస్ట్ మెటీరియల్ ఏది?" వాళ్ల కోసం రాస్తున్నాను. పొగాకును మెచ్చుకోవడానికి కాదు. నేను ఏనాడూ తాగలేదు. తాగేవాళ్ల నోళ్లకు పని చేశాను, అంతే.

ఉస్తాద్ పెట్టిన షరతు

మా దుకాణం వరంగల్ నుంచి కాజీపేట పోయే రోడ్డు మీద ఉండేది. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, ఉయ్యాలలకు రంగు గుండ్లు, ఇవీ మేము ఖరాదు మీద తీసేవి. పైపు పని రైల్వే వాళ్లతో వచ్చింది. పైపులో పొగాకు నింపి కాల్చే గిన్నె అంత తొందరగా చెడదు. దాని మెడలో దూరి, రెండో కొస పళ్ల మధ్య ఉండే గొట్టమే కొరుకుళ్లకు అరిగిపోతుంది, విరుగుతుంది. దాన్నే మేము కాడ అనేవాళ్లం. కాజీపేటలో ఎవరో పెద్ద ఉద్యోగి విరిగిన కాడ పట్టుకుని మా ఉస్తాద్ లతీఫ్ సాబ్ దగ్గరకు వచ్చాడు. ఆయన చేసిచ్చిన కాడ చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు వచ్చారు. తర్వాత హైదరాబాద్ నుంచి ఒక సేఠ్ కూడా పాత పైపులు పంపడం మొదలుపెట్టాడు.

లతీఫ్ సాబ్ నాకు పని నేర్పినప్పుడు ఒకటే షరతు పెట్టాడు. "సాంబా, గిరాకీ నోట్లెకు పొయ్యేది ముందుగాల నీ నోట్లెకు పోవాలె. నీ నాలిక ఒప్పుకోంది ఎవ్వనికీ ఇయ్యకు." అందుకని గిరాకీకి, అంటే కొనే మనిషికి, ఇచ్చే ముందు నేను అన్నీ నోట్లో పెట్టుకున్నాను. ఎబొనైట్, అంటే గంధకం వేసి గట్టిపరచిన నల్ల రబ్బరు, పాతబడితే పేలని టపాకాయను నాకినట్టు ఉంటుంది. ఇత్తడి పంటి చిగుళ్ల నుంచి రక్తం కారినట్టు ఉంటుంది. బర్రె కొమ్ము కాలిన గోరు వాసన వేస్తుంది గానీ నునుపు చేశాక నోటికి వెచ్చగా, సొంత మనిషిలా ఉంటుంది.

ఒకసారి పాలకుర్తి దిక్కు నుంచి ఒకాయన తానే కోసుకున్న కాడతో వచ్చాడు. కొమ్మ సన్నగా, తిన్నగా ఉంది. లోపలి మెత్తటి గుజ్జును తీగతో తోసేశాడు.

"ఉస్తాద్, కట్టె మంచిగున్నది. బొక్క జర పెద్దగ చేసియ్యి, సాలు."

లతీఫ్ సాబ్ దాన్ని వాసన చూశాడు, గోటితో బెరడు గీకాడు, మోకాలి మీద పెట్టి ఫటుక్కున విరిచాడు.

"అరే! నా కట్టె ఎందుకిరిసినవ్?"

"గిది గన్నేరు రా! సచ్చిపోదామనుకున్నవా?"

"దీనికి పురుగు పట్టదు ఉస్తాద్. మేకలు గూడ ముట్టయ్. గందుకే కోసిన."

"మేకకున్న అకల్ నీకు లేదా మరి?"

ఆ వచ్చిన మనిషి తిరుగు బస్సు ఎక్కేదాకా గొణుగుతూనే ఉన్నాడు. పురుగు పట్టనిది, కుళ్లనిది, గట్టిగా ఉండేది మంచి సామాను అని మనం అనుకుంటాం. ఒక్కోసారి పురుగు ముట్టకపోవడమే ఆ కట్టె మీద ఉన్న పెద్ద ఫిర్యాదు. ఇది మొదటి పాఠం. దీన్ని మాత్రం నేను తిరుగు లేకుండా నమ్ముతాను.

పుస్తకాలు నాతో ఆడిన ఆట

నా బడి చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. మిగిలిన చదువంతా హన్మకొండ గ్రంథాలయంలో జరిగింది. మొదట పేపర్ చదవడానికి పోయేవాణ్ణి. తర్వాత చెట్ల మీద పుస్తకాలు, రసాయన శాస్త్రం, ఇంగ్లీషువి కూడా, పక్కన నిఘంటువు పెట్టుకుని. ఈ సంగతి రాసుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే ఉంది. గిరాకీలు నన్ను "లైబ్రరీ సాంబయ్య" అని ఆట పట్టించేవాళ్లు. నేను దాన్ని బిరుదు కింద తీసుకున్నాను.

చిక్కు ఎక్కడంటే, పుస్తకాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. కొమ్మును మించింది లేదని ఒక పుస్తకం. కొమ్ము తడికి పొరలు లేస్తుంది, దాని జోలికి పోవద్దని దాని పక్క పుస్తకం. ఎబొనైట్ పళ్లకు మెత్తన అని ఒకచోట చదివి సంతోషపడితే, ఎండ తగిలితే పచ్చగా మారి చేదెక్కుతుందని ఇంకోచోట. రెండూ నిజమే. రెండూ నిజమైతే మనిషి ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

బీడీ ఆకు కోసే తునికి చెట్టు నల్లచేవ మాను జాతికే చెందుతుందని చదివిన రోజు నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. విదేశాల నుంచి తెప్పించుకునే నల్ల కట్టెకు చుట్టం మన ములుగు అడవిలోనే ఉంది! తెలిసినాయనతో ముదురు తునికి చేవ ముక్కలు జీపులో తెప్పించాను. కాడలు తీస్తే కాకి రెక్కలా నిగనిగలాడాయి. సేఠ్ ఫోన్‌లో ఎగిరి గంతేశాడు. "సాంబయ్యా, ఏం చమక్కయ్యా! అన్నీ గివే పంపు!"

లతీఫ్ సాబ్ మాత్రం ఒక కాడ పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం ఇంటున్నవ్ ఉస్తాద్?"

"కట్టె ఇంకా ఏడుస్తాంది. తడి పోలే."

నేను నవ్వాను. ఎండాకాలం రాగానే కాడలు నిలువునా పగిలి, హైదరాబాద్ నుంచి ఒకటొకటిగా వాపస్ వచ్చాయి. గ్రంథాలయానికి పోయి అదే పుస్తకం మళ్లీ తీశాను. చెట్టు వంశం చెప్పిన పేజీ చదివాను గానీ, దాని తర్వాతే ఉన్న, కట్టెను ఎన్నాళ్లు నీడలో ఆరబెట్టాలో చెప్పిన పేజీ తిప్పలేదు. సేఠ్ గురించి కూడా ఒక మాట. ఆయనకు కావలసింది అద్దాల పెట్టెలో మెరిసే కాడ. నోట్లో ఎట్లా ఉంటుందని ఆయన ఒక్కసారి అడగలేదు. అటువంటి వ్యాపారి పని ఇస్తాడు గానీ పని నేర్పడు. మీకూ దొరుకుతాడు, జాగ్రత్త.

దేవదానం అన్న

ఇక అసలు సంగతి. దేవదానం అన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కాజీపేటలో సొంత ఇల్లు. ఆదివారం చర్చిలో ఆయన గొంతు వినడానికే కొందరు ముందు వరసలో కూర్చునేవాళ్లని చెప్పుకునేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరో అధికారి ఇచ్చిన పైపు ఆయనకు ప్రాణం. లతీఫ్ సాబ్ పోయాక దుకాణం నా చేతికొచ్చింది. అప్పటికే అన్న మాకు పాత గిరాకీ.

ఒక రోజు వచ్చి పైపు బల్ల మీద పెట్టాడు.

"సాంబయ్యా, ఈ కాడ చేదొస్తాంది తమ్మీ. పెదవి సుర్రుమంటాంది."

కాడ చూశాను. ఎబొనైట్. కిటికీలో పెట్టి ఉంటాడు, పచ్చబారింది. అన్న కింది పెదవి ఎడమ పక్క, సరిగ్గా కాడ ఆనే చోట, మినప గింజంత తెల్లటి మచ్చ, నడుమ చిన్న చీలిక.

నా బుర్రలో పుస్తకం తెరుచుకుంది. "గంధకం అన్నా! ఎండకు గంధకం పైకి తేలి, తడి తగిలి యాసిడ్ లెక్క అయితది. అదే నీ పెదవిని కొరుకుతాంది."

"అబ్బో, లైబ్రరీ పలికింది! మరి ఏం చేద్దాం?"

"ఆక్రిలిక్ చేసిస్త. దానికి రంగు మారుడు లేదు, చేదు లేదు."

చేసిచ్చాను. కొన్ని వారాలకు మళ్లీ వచ్చాడు. "చేదు పోయింది గని మంట పోలే. పైగ రాయి కొరికినట్టున్నది."

నాకు వెంటనే అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాను. ఆక్రిలిక్ గట్టిది, పంటికి లొంగదు. అందుకని మనిషి పళ్లతో వదులుగా, పెదవితో గట్టిగా పట్టుకుంటాడు. బరువంతా పెదవి మీద పడుతుంది. అయితే కొమ్ము చేయాలి. మంచి బర్రె కొమ్ము ఏరి, మొన వైపు గట్టి భాగం కోసి, ఆకురాయితో అంచు పలచగా చేసి, ఉప్పు కాగితంతో రుద్ది, చివరికి గుడ్డతో అద్దంలా తోమాను. నా చేతి మీద వచ్చిన కాడల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు. అన్న నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది కాడ గాదు సాంబయ్యా. మనిషి వేలు పట్టుకున్నట్టున్నది."

ఆ రోజు నేను సైకిల్ మీద ఇంటికి పాట పాడుకుంటూ పోయాను.

వానలు పడ్డాయి. కొమ్ము అంచు తడికి ఉల్లి పొరలా లేచింది. అన్న వచ్చినప్పుడు మచ్చ కందిగింజంత అయింది. "చూడు, లేచిన పొర గీసుకుంటాంది" అన్నాను నేనే, ఆయన అడగకముందే. ఈసారి ఎందుకైనా మంచిదని, పైపును నోటికి కుడి పక్కన పట్టుకొమ్మన్నాను. పట్టుకున్నాడు. మరుసటిసారి వచ్చినప్పుడు కాడ మీద కుడి పళ్ల గాట్లు స్పష్టంగా ఉన్నాయి. పుండు మాత్రం ఎడమ పక్కనే ఉంది, ఇంకాస్త గట్టిపడి.

దీన్ని చదివేవాళ్లకు ఇక్కడే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. కాడ ఇటు ఉంటే పుండు అటెందుకు ఉంది? ఆలోచించి ఆలోచించి, పాత ఎబొనైట్ గంధకం ఇంకా చర్మంలోనే ఉండిపోయిందేమో అనుకున్నాను. నాకు తెలిసిన లోకమంతా సామాన్లతో చేసినది. తప్పు ఏదో ఒక సామానుదే కావాలి. నేను అబద్ధం చెప్పను, ఆ చిక్కుముడి నాకు ఇష్టంగా కూడా ఉండేది. అన్న వస్తున్నాడంటే నేను కొత్త సిద్ధాంతంతో తయారుగా ఉండేవాణ్ణి. ఆయనా అంతే ఉత్సాహంగా వినేవాడు. ఆయన అంత ఉత్సాహంగా ఎందుకు వింటున్నాడో నేను అడగలేదు.

సుగుణ వదిన మాట

బొంగు కాడ చేద్దామని నేను వెదురు ముక్కలు ఏరుతున్న పొద్దున, దేవదానం అన్న భార్య సుగుణ వదిన ఒక్కతే వచ్చింది. చేతిలో కూరగాయల సంచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సాంబయ్యా, ఇంకెన్ని కాడలు చేస్తవు?"

"ఈసారి బొంగు వదినా. బొంగు తడిని పీల్చుకుంటది, పొగ సల్లగొస్తది. పెదవికి..."

"నేను బొంగు గురించి అడుగుతలేను."

చేతిలో ఉన్న వెదురు ముక్క బల్ల మీద పెట్టాను.

"దవాఖానకు పోదాం రా అంటే ఏమంటాండో తెలుసా? 'సాంబయ్య కొత్త కాడ చేస్తాండు, గది రాంగనె తగ్గుతది' అంటాండు. గది వస్తది. తగ్గది. మళ్ల ఇంకోటి అంటాండు. మొన్న చర్చిల పాడుకుంట పాడుకుంట పెదవి పగిలి రక్తమొచ్చింది. దస్తీతోని దాసుకున్నడు, నేను సూడలే అనుకున్నడు."

"అన్న నాకు చెప్పలేదు వదినా."

"నీకెందుకు చెప్తడు? చెప్తే నువ్వు కాడ చేస్తవా? నువ్వు కాడ ఇచ్చినప్పుడల్లా నాకు ఒక నెల పోతాంది, సాంబయ్యా. ఇంకెన్ని నెలలున్నయో నాకెర్క లేదు."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో జవాబు చెప్పేవాణ్ణి. సంచి భుజానికి తగిలించుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. బల్ల మీద వెదురు ముక్కలు అట్లాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి, అంతకుముందు ఎప్పుడూ ముట్టని అల్మారా దగ్గర నిలబడ్డాను. వైద్య పుస్తకాలు. నోటి గురించి, పెదవి గురించి నిఘంటువు పెట్టుకుని చదివాను. తెల్ల మచ్చలు చాలావరకు ఏమీ చేయవని ఉంది. కొన్ని చేస్తాయనీ ఉంది. ఏవి చేస్తాయో కంటితో చూసి చెప్పలేమని ఉంది. బొమ్మలు చూశాను. ఒక్కో బొమ్మా అన్న పెదవిలా ఉంది, తిప్పి చూస్తే కాదనిపించింది. పుస్తకాలు చదివి తికమకపడటం నాకు కొత్త కాదు. ఆ తికమక చూసి భయపడటం మాత్రం అదే మొదలు.

బల్ల మీద మిగిలిన సామాను

రెండు రోజులకు అన్న వచ్చాడు, బొంగు కాడ కోసం.

"అయ్యిందా తమ్మీ?"

"కాలేదన్నా. చేస్తలేను."

"బొంగు దొరకలేదా? పోనీ, ఇంకేదన్న చెయ్యి."

"ఇగ సామాను లేదన్నా."

ఆయన బల్ల మీదికి చూశాడు. ఆక్రిలిక్ కడ్డీలు, కొమ్ము ముక్కలు, ఎబొనైట్, వెదురు, అన్నీ ఆయన కళ్ల ముందే ఉన్నాయి. "మరి గివేంది? వంకాయలా?"

"అవి నీకు రావు."

"ఎందుకు రావు?"

"అన్నీ చూసినం గదన్నా. సామానుల తప్పు లేదు. కాడ కుడికి మారింది, పుండు మారలే. ఇగ చూపించుకోవాల్సింది నోరు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఓహో! డాక్టర్‌వు ఎప్పుడైనవు? లైబ్రరీల డాక్టర్ల పుస్తకం గూడ సదివినవా?"

"సదివిన."

"ఏమున్నది అండ్ల?"

"నాకు సమజ్ కాలేదన్నా. గందుకే భయమైతాంది."

నా నోటి నుంచి ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. సమజ్ కాలేదని నేను ఏ గిరాకీతోనూ అనలేదు. తికమకలో ఉన్నా సరే, గట్టిగానే మాట్లాడేవాణ్ణి. అన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. వాటి వైపు చూస్తూనే అడిగాడు.

"మీ వదిన వచ్చిందా?"

"వచ్చింది."

"అనుకున్న." పెదవి మీదికి వేలు పోయింది, ముట్టకుండానే కిందికి దిగింది. "నాకెర్క లేదనుకున్నవా సాంబయ్యా? డ్యూటీల ఉన్నప్పుడు మా దోస్తుకు గిట్లనే అయింది. వాడు దవాఖానకు పోయిండు, మళ్ల ఇంటికి రాలే. నువ్వు గంధకం అంటివి. కొమ్ము పొర అంటివి. నువ్వు జెప్పేది ఇంటాంటే పానం నిమ్మళమైతుండె. కాడదే తప్పైతే ఎంత మంచిగుండు!"

"నేను గూడ గట్లనే అనుకున్న అన్నా."

"మరి పోదామా? ఒక్కన్నే పోను. నువ్వూ రావాలె. ఈ కాడలన్నీ చేసింది నువ్వే గద."

మర్నాడు వరంగల్‌లో పెద్ద దవాఖానకు ముగ్గురం పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. లైటు వేసి పెదవి చూసింది, గ్లౌజు వేసుకున్న వేలితో అటూ ఇటూ నొక్కింది, మెడ కింద తడిమింది. ఏమైనా ఒరుసుకుంటుందా అని ఆమె అడుగుతుందేమోనని, నేనే ముందుగా అందుకున్నాను. మొదట ఎబొనైట్ అమ్మా, దాంట్లో గంధకం ఉంటుంది. తర్వాత ఆక్రిలిక్, అది గట్టిది. తర్వాత కొమ్ము, పొర లేచింది. ఆమె అడ్డు చెప్పకుండా అంతా విన్నది. మర్యాద తెలిసిన మనిషి. నేను ముగించాక అన్న వైపు తిరిగి ఒకటే అడిగింది.

"పొగ తాగబట్టి ఎన్నేళ్లయింది?"

అన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అన్నేళ్లు ఆయన పైపుకు పని చేశాను గానీ, ఆ ప్రశ్న నేను ఆయనను ఎన్నడూ అడగలేదు. ఆయననే కాదు, ఏ గిరాకీనీ అడగలేదు.

చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. మేము భయపడ్డదే, క్యాన్సరే అని వచ్చింది. కానీ లోపలికి దిగలేదని, మెడకు పాకలేదని చెప్పారు. పెదవి మూల కొంత తీసేసి కుట్టారు. ఇప్పుడు అన్న కింది పెదవి ఒక పక్కకు లాగినట్టుంటుంది. పాట ముందులా రాదు, అయినా పాడతాడు. పైపు ముట్టడు. ఒకసారి దుకాణానికి వచ్చి, "సాంబయ్యా, నా మనసుల మాత్రం ఇంకా ఎబొనైట్ మీదనే అనుమానం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంకో నెల ముందు పోయి ఉంటే పెదవి మొత్తం దక్కేదా, ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేది, ఇవి నాకు తెలియవు. డాక్టరమ్మను అడిగితే ఆమె కూడా చెప్పలేనన్నది.

కొత్తగా పనిలోకి వస్తున్నవాళ్లకు సామాను సంగతి చెప్పాలంటే చెప్పగలను. ఎబొనైట్ ఎండలో పెట్టొద్దు. ఆక్రిలిక్‌ను మెల్లగా తిప్పండి, లేకపోతే కరిగి అంటుకుంటుంది. కొమ్మును తడిగా వదలొద్దు. పచ్చి కట్టెను నమ్మొద్దు. ఇవన్నీ నిజాలే, ఎక్కడైనా దొరుకుతాయి. వీటిలో ఏది నోటికి తగినది అంటే మాత్రం, మొదటే చెప్పాను, నాకు తెలియదు. తగినది ఒకటి ఉంటుందన్న నమ్మకం కూడా ఇప్పుడు లేదు.

అన్న సంగతి అయ్యాక, చేతులు వణికి దుకాణం మూసేదాకా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా కాడ మార్చమని వస్తే, పైపు అందుకునే ముందు, "జర నోరు తెరువన్నా" అనేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్లు. కొందరు, "నువ్వు పండ్ల డాక్టర్‌వా?" అని తిట్టేవాళ్లు. తిట్టి కూడా తెరిచేవాళ్లు. ఒకరిద్దరు మాత్రం తెరవలేదు, వేరే పని గుర్తొచ్చినట్టు పైపు జేబులో పెట్టుకుని లేచారు. నేను దుకాణం దిగి, దవాఖానకు పొమ్మని చెబుతూ, రోడ్డు దాకా వాళ్ల వెంట నడిచాను.